నెట్ కార్బ్స్ 4 అని రాసి ఉంటే నమ్మొచ్చా? లో-కార్బ్ టోర్టియా కొనేముందు చూడాల్సినవి

మీ ప్రశ్న చదివాను. ఈమధ్యే టైప్ 2 షుగర్ బయటపడింది, డాక్టరు కార్బ్స్ తగ్గించమన్నారు. మధ్యాహ్నం ఆఫీసులో తినడానికి ర్యాప్ (కూర పెట్టి చుట్టుకునే పలుచటి టోర్టియా రొట్టె) అయితే సులువనుకుని సూపర్‌మార్కెట్‌కి వెళ్లారు. అరలో నాలుగు రకాలు కనిపించాయి. ఒకదాని మీద "నెట్ కార్బ్స్ 4 గ్రాములే" (అంటే మొత్తం కార్బ్స్‌లోంచి పీచు తీసేయగా మిగిలిన అంకె) అని, ఇంకోదాని మీద "కీటో" అని, మూడోది పచ్చటి పాలకూర ర్యాప్, నాలుగోది "గ్రెయిన్ ఫ్రీ". ఏది తీసుకోవాలో తేలక ఖాళీ చేతులతో వచ్చేశానన్నారు. మంచి పనే చేశారు. ఆరేళ్ల కిందట నేను అలాంటి అర ముందే నిలబడి, పాలకూర ర్యాప్ కొనుక్కొచ్చాను.

పచ్చగా ఉంది, ఆకుకూర పేరుంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తిన్న రెండు గంటలకి మీటరు 196 చూపించింది. అప్పుడు ప్యాకెట్ చెత్తబుట్టలోంచి తీసి వెనక్కి తిప్పి చదివాను. ఒక్కో ర్యాప్‌కి 36 గ్రాముల కార్బ్స్, పీచు 2 గ్రాములు. పదార్థాల జాబితాలో మొట్టమొదట మైదా, చిట్టచివర ఉప్పు తర్వాత ఎక్కడో పాలకూర పొడి. అంటే నేను తిన్నది రంగేసిన మైదా రొట్టె. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే.

నేను డాక్టర్ని కాను, డైటీషియన్నీ కాను. టైప్ 2తో ఆరేళ్లుగా కాపురం చేస్తున్నవాణ్ణి. ఇరవైకి పైగా రకాల టోర్టియాలు కొని, తిని, వేలు గుచ్చుకుని చూసుకున్నాను. నాకు అర్థమైంది ఏంటంటే, ప్యాకెట్ ముందువైపు ఉన్న నెట్ కార్బ్స్ అంకె కంటే, ఆ అంకెని కిందికి లాగడానికి ఏ పీచు వాడారన్నదే అసలు సంగతి. ఒకే అంకె ఉన్న రెండు ప్యాకెట్లు నా ఒంట్లో రెండు రకాలుగా పనిచేశాయి. ఆ కథ కింద చెప్తాను.

ముందు మామూలు టోర్టియా ఎంత ఉంటుందో తెలిస్తే పోల్చుకోవడం తేలిక. గోధుమపిండితో చేసిన 8 అంగుళాల టోర్టియాలో సుమారు 25 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. బరిటోలకు వాడే 10 అంగుళాలదైతే 35 దాటుతుంది. చిన్న మొక్కజొన్న టోర్టియా, 6 అంగుళాలది, 11, 12 గ్రాముల దగ్గర ఉంటుంది. చిన్నది కదా అని మూడు లాగించేస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. లో-కార్బ్ అని అమ్మే 8 అంగుళాల వాటిలో తరచుగా కనిపించే లెక్క ఇలా ఉంటుంది: మొత్తం కార్బ్స్ 19, అందులో పీచు 15, ప్రొటీన్ 5, కొవ్వు 3, కేలరీలు 70. 19లోంచి 15 తీసేసి ముందువైపు పెద్ద అక్షరాల్లో 4 అని వేస్తారు.

ఈ తీసివేత గురించి రెండు మాటలు. "నెట్ కార్బ్స్" అనే మాటకి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర చట్టపరమైన నిర్వచనం లేదు. "లో కార్బ్" అన్నదానికీ లేదు. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ అయితే మొత్తం కార్బ్స్‌నే లెక్కలోకి తీసుకోమంటుంది. కాబట్టి ముందువైపు అంకె కంపెనీవాళ్లు తమంతట తాము చేసిన లెక్క. తప్పని అనడం లేదు, దాన్ని మనం సరిచూసుకోవాలి అంటున్నాను.

రెండోది, ప్యాకెట్ ఏ దేశపు పద్ధతిలో అచ్చయిందో చూడాలి. అమెరికా, కెనడా లేబుళ్లలో పీచు మొత్తం కార్బ్స్ లోపలే ఉంటుంది, ఆ వరస కింద కాస్త లోపలికి జరిపి రాస్తారు. అక్కడ తీసివేత చేయొచ్చు. యూరప్ లేబుళ్లలో కార్బ్స్ అని రాసిన అంకెలోంచి పీచు ముందే తీసేసి ఉంటుంది. పీచు వేరే వరసలో ఉంటుంది. అక్కడ మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసినట్టే. మా స్నేహితుడొకడు దిగుమతి ప్యాకెట్ పట్టుకొచ్చి "దీన్లో నెట్ కార్బ్స్ మైనస్ 9 రా!" అని సంబరపడ్డాడు. తింటే షుగర్ తగ్గే రొట్టె దొరికిందనుకున్నాడు పాపం. పీచు అంకె కార్బ్స్ అంకె కంటే పెద్దదిగా కనిపిస్తే అది యూరప్ పద్ధతి లేబుల్ అని గుర్తు. ఇంకో సంగతి, యూరప్ లేబుల్లో అంకెలు 100 గ్రాములకి ఇస్తారు. ఒక ర్యాప్ బరువు అంతకంటే తక్కువుంటుంది కాబట్టి బరువు చూసి లెక్కేసుకోండి.

అరముందు నిలబడి చేయగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. నాకు బాగా పనికొచ్చింది. కేలరీల లెక్క సరిచూడటం. నెట్ కార్బ్స్‌ని 4తో, ప్రొటీన్‌ని 4తో, కొవ్వుని 9తో హెచ్చించి కలపండి. పైన చెప్పిన టోర్టియాకి 16, 20, 27, మొత్తం 63. లేబుల్ మీద 70 ఉంది. దగ్గరగానే ఉంది, బాగుంది. పీచుకి కూడా కొన్ని కేలరీలు లెక్కేస్తారు. కరిగే పీచుకి గ్రాముకి 2 చొప్పున వేసినా 15 గ్రాములకి 30, అంటే 93. కాబట్టి 63కీ 93కీ మధ్య ఏ అంకె ఉన్నా అర్థం ఉంది. అదే వివరాలున్న ఇంకో ప్యాకెట్ మీద 130 కేలరీలు ఉన్నాయనుకోండి. ఆ మిగతా కేలరీలు ఎక్కణ్నుంచి వచ్చాయి? 15 గ్రాముల పీచుని మామూలు పిండిపదార్థంలాగే గ్రాముకి 4 చొప్పున లెక్కేస్తే సరిగ్గా ఆ చుట్టుపక్కలకే వస్తుంది. ముందువైపు "ఇది అరగదు, లెక్కలోకి రాదు" అని చెప్తూ, వెనకవైపు అరిగిపోయేదానిలాగా కేలరీలు వేశారన్నమాట. అలాంటిదాన్ని నేను తిరిగి అరలో పెట్టేస్తాను.

ఇక పీచు సంగతి. మామూలు టోర్టియా అంత పెద్దదిగా, అంత మెత్తగా ఉంటూ కార్బ్స్ మాత్రం తగ్గాలంటే పిండి తీసేసి ఆ చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. సాధారణంగా రెండు పెడతారు. ఒకటి గోధుమ గ్లూటెన్. అది ప్రొటీన్, సాగుతుంది, రొట్టె చుట్టినప్పుడు విరగకుండా చూస్తుంది. రెండోది పీచు. పదార్థాల జాబితా బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు కాబట్టి మొదటి నాలుగైదు పేర్లు చదివితే చాలు, అది ఏ రకం రొట్టెనో తెలిసిపోతుంది.

ఓట్ ఫైబర్ అని ఉంటే అది ఓట్స్ గింజ మీది పొట్టుతో చేసింది. నీటిలో కరగదు, పెద్దగా ఏమీ చేయకుండా బయటికి పోతుంది. షుగర్‌కి ఇబ్బంది లేదు. కానీ ఓట్ ఫైబర్ వేరు, ఓట్ ఫ్లోర్ వేరు. రెండోది ఓట్స్ పిండి, నిండా కార్బ్సే. ఒక్క మాట తేడా. సెల్యులోజ్ కూడా ఓట్ ఫైబర్ లాంటిదే. "చెక్క పొట్టు కలుపుతున్నారు" అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. మొక్కల కణాల గోడల్లో ముఖ్యంగా ఉండేది సెల్యులోజే, మనం తినే ప్రతి కూరగాయలోనూ ఉంటుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు. సిలియం అంటే మన ఇసబ్‌గోల్. నీళ్లు పీల్చుకుని జిగురులా అవుతుంది, రొట్టెకి పట్టు ఇస్తుంది. నాకిష్టమైన పీచు ఇది. ఇనులిన్, లేదా చికోరీ వేరు పీచు, షుగర్ పెంచదు. పొట్టలో మాత్రం గాలి నింపుతుంది. దాని సంగతి తర్వాత.

అసలు చిక్కు "మాడిఫైడ్ వీట్ స్టార్చ్" లేదా "రెసిస్టెంట్ వీట్ స్టార్చ్" దగ్గర. స్టార్చ్ అంటే పిండే. కానీ దాని గొలుసుల మధ్య ఫాస్ఫేట్ ముడులు వేసి, చిన్నపేగులో ఎంజైములు తెంచలేనట్టు చేస్తారు. అది అలాగే పెద్దపేగుకి వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకి ఆహారమవుతుంది. ఎఫ్‌డీఏ 2016లో పీచుకి కొత్త నిర్వచనం తెచ్చినప్పుడు ఇది అందులో లేదు. 2019లో ఈ రకం స్టార్చ్‌ని పీచుగా లెక్కించడానికి ఒప్పుకుంది. కాబట్టి లేబుల్ మీద పీచు అని రాయడం మోసమేమీ కాదు. అయితే పదార్థాల జాబితాలో మాడిఫైడ్ స్టార్చ్ అన్న పేరొక్కటే చూస్తే అందులో ఎంత భాగం అరుగుతుందో, ఎంత అరగదో మనకి తెలియదు. కొందరికి అస్సలు షుగర్ కదలదు, కొందరికి బాగానే కదులుతుంది. నేను రెండో రకం.

ఐసోమాల్టో ఒలిగోశాకరైడ్స్ అనే నోరు తిరగని పేరు కనిపిస్తే మాత్రం జాగ్రత్త. దాన్ని ఒకప్పుడు పీచు అని బాగా అమ్మారు. చాలావరకు అరుగుతుంది, షుగర్ పెంచుతుంది. టోర్టియాల కంటే తీపి బార్లలో ఎక్కువ వాడేవారు, అయినా కన్నేసి ఉంచండి.

ఇందాక చెప్తానన్న కథ ఇదే. రెండు బ్రాండ్లు, రెండింటి మీదా నెట్ కార్బ్స్ 4. మొదటిదానిలో జాబితా మొదట్లో గ్లూటెన్, ఓట్ ఫైబర్. రెండోదానిలో నీళ్ల తర్వాత మాడిఫైడ్ వీట్ స్టార్చే. వేర్వేరు రోజుల్లో, ఒకే టైముకి, రెండేసి టోర్టియాలు, లోపల రెండు గుడ్ల ఆమ్లెట్ తప్ప ఇంకేమీ లేకుండా తిన్నాను. మొదటిది: తినకముందు 112, గంటకి 128, రెండు గంటలకి 131, మూడు గంటలకి 119. రెండోది: 108, 141, 176, 158. అంకె ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకొచ్చింది? మీటరు తప్పేమోనని వారం తర్వాత మళ్లీ చేశాను. కొంచెం అటూ ఇటూగా అదే వచ్చింది. తమాషా ఏంటంటే, మా స్నేహితుడు, అదే మైనస్ 9 ఆయన, ఆ రెండోదే రోజూ తింటాడు, ఆయనకి 20 పాయింట్లు కూడా పెరగదు. అందుకే ఫలానా బ్రాండ్ కొనండి అని నేనెప్పుడూ చెప్పను.

మీరు కూడా ఇలాగే చేసి చూసుకోండి. ముందు చేతులు కడుక్కోండి, పండు తిన్న వేలితో గుచ్చుకుంటే ఆ తీపి మీటరెక్కేస్తుంది. తినకముందు, తినడం మొదలుపెట్టిన గంటకి, రెండు గంటలకి, వీలైతే మూడు గంటలకి చూడండి. మూడో గంట ఎందుకంటే ఇలాంటి స్టార్చ్‌లు, కొవ్వుతో కలిపి తిన్నప్పుడు, ఆలస్యంగా పెంచుతాయి. రెండు గంటల దగ్గర ఆపేస్తే అసలు పెరుగుదల తప్పిపోవచ్చు. ఇంటి మీటర్లకి 15 శాతం దాకా తేడా ఉండొచ్చని వాటి ప్రమాణాలే ఒప్పుకుంటాయి. కాబట్టి ఒక్క రీడింగ్ చూసి తీర్పు చెప్పకండి, కనీసం రెండుసార్లు చేయండి. పరీక్ష రోజు లోపల సాస్ వేయకండి. తీపి సాస్ రెండు చెంచాలు చాలు, తప్పంతా టోర్టియా మీదికి నెట్టేయడానికి.

మీరు చూసిన నాలుగో ప్యాకెట్, గ్రెయిన్ ఫ్రీ, గురించి. ధాన్యం లేదంటే కార్బ్స్ లేవని కాదు. కసావా పిండితో చేసినవి ఈ పేరుతో అమ్ముతారు. కసావా అంటే కర్రపెండలం, దుంప. గోధుమ టోర్టియాకి ఏమాత్రం తీసిపోదు కార్బ్స్‌లో. బాదం పిండితో చేసినవైతే నయం, కానీ వాటిలోనూ పట్టు కోసం కర్రపెండలం స్టార్చ్ కలుపుతారు. బాదం పేరు పెద్దగా, స్టార్చ్ పేరు చిన్నగా ఉంటుంది. కాలీఫ్లవర్ ర్యాప్‌లదీ అదే తంతు, కొన్నిటిలో బియ్యప్పిండో బంగాళాదుంప స్టార్చో ఉంటుంది. గుడ్డు తెల్లసొనతో చేసినవి, చీజ్‌ని పలుచగా పరిచి చేసినవి నిజంగానే కార్బ్స్ తక్కువ. తెల్లసొనవి తడి గుడ్డలా ఉంటాయి, నాకు నచ్చలేదు. చీజ్‌వి రుచిగా ఉంటాయి కానీ ఉప్పూ, సంతృప్త కొవ్వూ ఎక్కువ. కొబ్బరి ర్యాప్‌లు కొంచెం తియ్యగా ఉంటాయి, కారపు కూరకి జత కుదరదు.

"కీటో" అన్న ముద్రకి నేను విలువివ్వడం మానేశాను. జాబితా చదవండి, అంతే.

సర్వింగ్ సైజు ఒక్కసారి చూడండి. పెద్ద ర్యాప్‌లలో "సగం ర్యాప్" అని రాసినవి నేను చూశాను. సగం ర్యాప్ ఎవరు తింటారండీ?

ఉప్పు కూడా. 8 అంగుళాల టోర్టియా ఒకదానిలోనే 300 మిల్లీగ్రాముల సోడియం ఉండటం మామూలు. రెండు తిని లోపల చీజ్ వేస్తే వెయ్యికి దగ్గరవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ 2000 లోపు ఉండమంటోంది. బీపీ కూడా ఉంటే ఈ అంకె మీకు కార్బ్స్ అంత ముఖ్యం.

పొట్ట సంగతి చెప్తానన్నాను. ఒక్కో టోర్టియాలో 15 గ్రాముల పీచు అంటే చిన్న మాట కాదు. అలవాటు లేనివాళ్లు మొదటి రోజే మూడు తింటే మధ్యాహ్నం మీటింగ్‌లో ఇబ్బంది పడతారు. నేను పడ్డాను, ఇనులిన్ రకంతో. వివరాలు అడక్కండి. మొదటి వారం రోజుకి ఒకటే తినండి, నీళ్లు బాగా తాగండి. ఐబీఎస్ (తరచూ పొట్ట నొప్పి, ఉబ్బరం తెచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్లయితే ఇనులిన్ ఉన్నవి వదిలేయడమే మంచిది.

రెండు విషయాల్లో మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సీలియాక్ జబ్బు (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్లకి ఇవి పనికిరావు, ఎందుకంటే చాలా లో-కార్బ్ టోర్టియాల్లో గ్లూటెన్ మామూలువాటికంటే ఎక్కువే ఉంటుంది. అలాగే మీరు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, భోజనంలో కార్బ్స్ ఒక్కసారిగా తగ్గించే ముందు డాక్టరుతో మాట్లాడండి. మందు అదే మోతాదులో ఉండి కార్బ్స్ పడిపోతే షుగర్ డౌన్ అవుతుంది. చెమటలు పట్టి కాళ్లూ చేతులూ వణికే దాకా తెచ్చుకోవద్దు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం చాలా తక్కువ.

కొనేటప్పుడు ప్యాకెట్‌ని వెలుతురుకి పెట్టి చూడండి. అంచుల్లో చీలికలున్నా, లోపల నీటి బొట్లు పట్టినా, అడుగునున్నవి ఒకదానికొకటి అతుక్కుపోయినా వద్దు. వీటిలో తేమ ఎక్కువ, తెరిచాక త్వరగా బూజు పడతాయి. మా ఇంట్లో కొన్న రోజే ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టి సగం ప్యాకెట్ ఫ్రీజర్‌లో పడేస్తాం.

వేడి చేయకుండా చుడితే పీచు టోర్టియా అట్టముక్కలా విరుగుతుంది, జనం వీటిని తిట్టుకునేది అందుకే. నూనె లేకుండా పెనం మీద మధ్యస్థం మంటలో ఒక్కో వైపు 15, 20 సెకన్లు చాలు. అక్కడక్కడా చిన్న బుడగలు లేవగానే తీసేసి, గుడ్డలో చుట్టి ఒక నిమిషం ఉంచండి. ఆవిరికి మెత్తబడి చెప్పినట్టు వింటుంది. పెనం మీద ఎక్కువసేపు ఉంచితే తోలులా తయారవుతుంది. ఆఫీసుకి పట్టుకెళ్లాలంటే ముందు ఒక లెట్యూస్ ఆకు పరిచి దాని మీద కూర పెట్టి చుట్టండి, తడి రొట్టెకి అంటదు. లేదంటే పీచు నీళ్లు పీల్చేసుకుని ఒంటిగంటకి డబ్బా తెరిచేసరికి ముద్దయి ఉంటుంది. కూర వేరే డబ్బాలో పట్టుకెళ్లి అక్కడే చుట్టుకుంటే ఇంకా మేలు.

మీరు చూసినవాటిలో మొదటి ప్యాకెట్‌తో మొదలుపెట్టండి, చిన్నది దొరికితే చిన్నదే కొనండి. జాబితాలో మొదటి ఐదు పేర్లూ, మీ మూడు గంటల రీడింగులూ ఇక్కడ రాస్తే, తర్వాత ఏది ప్రయత్నించాలో కలిసి చూద్దాం.